నీలి బాన ప్రయాణం

అనగనగా అనకపోతే కథకి కాలు సాగదు కనుక, అనగనగా ఒక ఊరు. దాని పేరు చిలకలదిన్నె. ఆ ఊళ్ళో అద్దకంవాళ్ళ ఇళ్ళు పదో పన్నెండో ఉండేవి. గుడ్డ జాడించడానికి వాళ్ళకి పారే నీళ్ళు కావాలి. ఒక ఏడాది వానలకి ఆ ఊరి ఏరు ఏమనుకుందో ఏమో, దారి మార్చుకుని దూరంగా వెళ్ళిపోయింది. ఇంకేముంది! అందరూ మూటాముల్లె సర్దుకోవలసి వచ్చింది. రాజుగారు దయతలచి కొత్తరేవు అనే ఊళ్ళో వాళ్ళకి ఇళ్ళ స్థలాలు ఇచ్చారు.

వాళ్ళలో పేరమ్మ నీలం రంగు వెయ్యడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆమె ఇంట్లో మంచాలున్నాయి, పెట్టెలున్నాయి, ఇత్తడి గంగాళాలున్నాయి. కానీ ఆమె ప్రాణమంతా పెరటి గదిలోని నీలి బానలోనే ఉండేది.

నీలి బాన అంటే ఉత్త మట్టి కుండ అనుకునేరు! నీలిమందు, సున్నం, ఉడకబెట్టిన తగిరిస మొక్క గింజలు వేసి పులియబెట్టిన రంగు అందులో ఉంటుంది. పాలకి తోడు ఎలాగో, కొత్త రంగుకి పాత రంగు అలాగ. పేరమ్మ ముత్తవ్వ కాలం నుంచి ఆ బాన ఒక్కనాడూ ఖాళీ కాలేదు. అది చల్లబడకూడదు, అతిగా కుదుపులు పడకూడదు. కారిపోయిందా, అంతే సంగతులు! మళ్ళీ అలాంటి రంగు రప్పించడానికి ఒక జీవితం చాలదు.

"ఇల్లు మారడానికి నాకేం భయం లేదు. బాన క్షేమంగా చేరితే చాలు, ఎక్కడైనా బతుకుతాం" అంది పేరమ్మ మొగుడితో. ఆమె మొగుడు చెన్నయ్య మంచివాడే కానీ, ఎవరు ఏం చెప్పినా నమ్మేస్తాడు.

ఆమె బండ్లవాళ్ళకి కబురు పంపింది. ముగ్గురు వచ్చారు.

మొదట గవరయ్య వచ్చాడు. నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు మాట్లాడతాడు. "అక్కా! నీ సామాను నా సామాను కాదూ? అందరికన్నా తక్కువకే తోలతాను. రెండు రోజుల్లో నిన్ను కొత్తరేవులో దింపకపోతే నన్నడుగు" అన్నాడు.

పేరమ్మ అంతా విని, "సరే తమ్ముడూ, ఇన్నేళ్ళలో నీ బండిలో ఏమేం పగిలాయి?" అని అడిగింది.

"శివ శివా! ఒక్క పిడత కూడా పగల్లేదక్కా. ఒట్టు!" అంటూ గవరయ్య చెవులు పట్టుకున్నాడు.

తర్వాత భద్రప్ప వచ్చాడు. అతని బండికి రంగుల గూడు, ఎద్దుల మెడలో ఇత్తడి గంటలు. వీధిలోకి వస్తుంటే పిల్లలంతా వెంటపడ్డారు. "మంత్రిగారి సామాను తోలింది ఎవరనుకున్నావమ్మా? నేనే" అంటూ మీసం మెలేశాడు.

"మంచిది. నీ బండిలో ఏమేం పగిలాయి నాయనా?"

భద్రప్ప ముఖం చిట్లించాడు. "పగిలితే అది నా తప్పా? కట్టుకోవడం చేతకానివాళ్ళ సామాను పగులుతుంది."

చివరికి ఓబయ్య వచ్చాడు. అతని ఎద్దులు బక్కవీ కావు, బలిసినవీ కావు. బండి పాతదే, ఇరుసుకి మాత్రం కందెన నిండుగా ఉంది. పేరమ్మ అదే మాట అడిగింది.

ఓబయ్య బుర్ర గోక్కున్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నాలుగమ్మా. ఒక పందిరిమంచం కాలు. ఒక అద్దం. రెండు ఊరగాయ జాడీలు. జాడీలు వాగులో పోయాయి, ఎద్దుల్ని తొందరపెట్టి దింపాను. అప్పట్నుంచి వాగు కనిపిస్తే కిందికి దిగి, కాడి పట్టుకుని నడిపిస్తాను."

"జాడీల ఇల్లాలు ఏమంది?"

"తిట్టిందమ్మా. తిట్టదూ మరి? ఆవకాయ పెట్టిన పదో రోజు! ఆ ఏడాదంతా వాళ్ళింటికి కట్టెలు ఊరికే తోలాను" అని ఓబయ్య బాన దగ్గర చతికిలబడి తనే అడగసాగాడు. "మూత బిగించాలా, వదులుగా ఉంచాలా? ఒక పక్కకి ఒరిగితే ఏమవుతుంది? చలిగాలి తగలొచ్చా?" అన్నీ విని తల పంకించి, "దగ్గర దారి నిండా రాళ్ళమ్మా. చుట్టుదారిన మూడు రోజులు పడుతుంది. దానికి ఒప్పుకుంటేనే వస్తాను" అన్నాడు.

అతను అటు వెళ్ళాడో లేదో చెన్నయ్య గోల పెట్టాడు. "నీకేమైనా మతిపోయిందా? నాలుగు పగలగొట్టానని నోటితో చెబుతున్నవాడికా మన బాన అప్పగించేది!"

పేరమ్మ పకపకా నవ్వింది. "తల నెరిసేదాకా బండి తోలి ఏమీ పగలగొట్టలేదంటే, బండైనా తోలి ఉండడు, నిజమైనా చెప్పి ఉండడు. నువ్వు ఊరుకోవయ్యా. నాకు మనిషి తెలిశాడు" అంది.

తెల్లవారగానే బయలుదేరారు. బాన చుట్టూ మెత్తగా గడ్డి పరిచి, తాళ్ళతో కట్టారు. మొదటిరోజు వాగు వచ్చింది. ఓబయ్య దిగాడు, కాడి పట్టుకుని అడుగులో అడుగు వేసి దాటించాడు. రెండోరోజు చల్లటి జల్లు పడింది. తన గొంగడి తీసి బానకి కప్పి, తాను తడిశాడు. ఇది చూసి చెన్నయ్య సణుగుడు కాస్త తగ్గింది.

మూడోరోజు దారి అరచెయ్యిలా నున్నగా ఉంది. కొత్తరేవు ఇంకో పూట దూరం. మధ్యాహ్నం ఎద్దులకి నీళ్ళు పెట్టి, ఇరుసు చూద్దామని ఓబయ్య బండి కిందికి దూరాడు. పలక సందులోంచి ఒక చుక్క అతని చేతిమీద పడింది. పడ్డప్పుడు పచ్చగా ఉంది, గాలి తగిలి చూస్తుండగానే నీలమైంది.

పైన బానకి బీట పడిందన్నమాట. బాన కింద గడ్డి దట్టంగా ఉంది. ఎవరికీ కనబడదు. ఊరు చేరాక "పాత కుండ కదమ్మా" అంటే కాదనేవాళ్ళు లేరు. అతను ఒక్క క్షణం కూడా ఆగలేదు. చద్దన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న పేరమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, బానకి బీట పడింది. తప్పు నాదే. నున్నటి దారి కదా అని ఏమరుపాటుగా ఉన్నాను, చక్రం రాయెక్కి దిగింది. కారుతోంది, తొందరగా లేవండి!"

ముద్ద వదిలేసి పేరమ్మ పరుగెత్తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ చేతులు మాత్రం ఆగలేదు. "ఏమయ్యా, గంగాళాలు దించు! ఓబయ్యా, నువ్వు ఆ పక్క పట్టు!" కొంగు చించి, సున్నంలో బెల్లం కలిపి, ఆ ముద్దలో గుడ్డ తడిపి బీటకి అదిమింది. రంగుని ఒలకకుండా ఇత్తడి గంగాళాల్లోకి ఒంపారు. అప్పటికి పోయింది ఒక చెంబెడు, అంతే. అలాగే వదిలేసి ఉంటే సాయంత్రానికి బాన అడుగు కనిపించేది.

చెన్నయ్య తన గొంగడి తెచ్చి గంగాళాలకి చుట్టాడు.

సాయంత్రం కొత్తరేవులో దిగగానే, పేరమ్మ కొత్త ఇంట్లో అడుగైనా పెట్టకుండా ఒక తెల్లగుడ్డ రంగులో ముంచి పైకి తీసింది. ముగ్గురూ దాని మీదికి వంగారు. గుడ్డ పచ్చగా వచ్చింది. గాలి తగిలింది. మెల్లగా, అంచు నుంచి మధ్యకి, చక్కటి నీలం పరుచుకుంది.

"బతికిందయ్యా!" అని పేరమ్మ ఊరంతా వినబడేలా అరిచింది.

ఓబయ్య తలవంచుకుని, "నాకు కిరాయి వద్దమ్మా. బాన పగలగొట్టాను" అన్నాడు.

"కుండ కుమ్మరివాళ్ళింట్లో దొరుకుతుంది. పరుగెత్తుకొచ్చి చెప్పే నోరు ఎక్కడ దొరుకుతుంది? తీసుకో" అని పేరమ్మ అతని చేతిలో కిరాయి పూర్తిగా పెట్టింది. తక్కిన అద్దకంవాళ్ళు ఎవరి బండి మాట్లాడుకోవాలని కబురు పంపితే, పేరమ్మకంటే ముందు చెన్నయ్యే ఓబయ్య పేరు చెప్పాడు.

కనుక పిల్లలూ, తప్పే చెయ్యని మనిషి భూమ్మీద దొరకడు. చేసిన తప్పు దాచనివాడు దొరికితే, ఇల్లే అప్పగించి నిశ్చింతగా ఉండవచ్చు.