రాజుగారి కురుపు

పిల్లలూ, ఓడిపోతున్నవాడు ఉన్నట్టుండి గెలిస్తే ఇంగ్లీషులో బల్లలు తిరగబడ్డాయంటారని నిన్న బడిలో నేర్చుకొచ్చారు కదా. బల్లలే ఎందుకో నాకు సరిగ్గా తెలీదు. తెలుసుకుని చెబుతాను. ఈలోగా సింహాసనం తిరగబడిన కథ ఒకటుంది, మీరు వినలేదు.

చాలాకాలం కిందట స్థిరకీర్తి అనే రాజు ఉండేవాడు. ఆయన తాతగారు రాజ్యం పోగొట్టుకుని, చివరికి అత్తవారి గుర్రాలకు గడ్డి వేశారు. అందుకని మనవడికి మార్పంటేనే భయం. "రేపు ఇలా ఉండదు" అని ఎవరన్నా దేశబహిష్కారమేనని శాసనం చేశాడు. రోజూ సభ మొదలవగానే వందిమాగధుడు "నేడెలాగో రేపూ అలాగే!" అని అరవాలి. సభంతా "తథాస్తు!" అనాలి.

ఒకనాడు కుమ్మరి పోలయ్య ఆరబెట్టిన కుండలన్నీ వానకు కరిగిపోయాయి. భార్య మల్లి ఏడుస్తుంటే, "ఊరుకోవే, రేపు ఇలా ఉండదులే" అన్నాడు. అటుగా పోతున్న భటుడు విన్నాడు. మరునాడే పోలయ్యను పొలిమేర దాటించాలని తీర్పయింది.

మల్లి పరుగున వెళ్ళి, రాజుగారి ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ ఔబళయ్య కాళ్ళమీద పడింది.

"బాబయ్యా, మావోడు నన్ను ఓదార్చాడు, అంతే!"

"ఏడవకమ్మా. రాజుగారికి కురుపు లేచింది."

"ఎక్కడ బాబూ?"

"కూర్చునే చోట."

అంత ఏడుపులోనూ మల్లికి నవ్వొచ్చింది.

మరునాడు సభలో రాజు సింహాసనం పక్కన నిలబడి ఉన్నాడు. రాజు నిలబడితే ఎవరూ కూర్చోకూడదు కనక, ముసలి మంత్రి కూడా మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. వందిమాగధుడు రాజు ముఖం చూసి, తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఏమయ్యా, ఆచారం మరిచావా?" అని గద్దించాడు ఔబళయ్య.

"నేడెలాగో రేపూ అలాగే!"

"తథాస్తు!" అన్నాడు ఔబళయ్య, అందరికంటే గట్టిగా.

రాజు అదిరిపడ్డాడు. "ఏం నోళ్ళురా మీవి! రేపు కూడా ఇలాగేనా?"

"రేపే కాదు ప్రభూ, ఎల్లప్పుడూ. తమ శాసనం."

"వైద్యుడేడీ? ఇది తగ్గుతుందా లేదా?"

వైద్యుడు చేతులు జోడించాడు. "చెబితే ఊరు దాటిస్తారు మహాప్రభూ. పిల్లలుగలవాణ్ణి."

రాజు సింహాసనం వంక దీనంగా చూశాడు. "ఔబళయ్యా, నువ్వైనా ఒక మంచి మాట అనవయ్యా."

"నాకంత ధైర్యమేదీ? రాజ్యంలో ఆ మాట అనగలిగినవాడు ఒక్కడే. వాణ్ణి భటులు పొలిమేరకు తోలుకుపోతున్నారు."

"పిలిపించు!"

పోలయ్య సంకెళ్ళతో వచ్చాడు. రాజు గొంతు తగ్గించి, "నీ భార్యతో అన్న మాట నాతో ఒకసారి అను" అన్నాడు.

పోలయ్య ఆయన్ను జాలిగా చూశాడు. "ఊరుకోండి బాబయ్యా. రేపు ఇలా ఉండదులెండి."

రాజు కళ్ళు మూసుకుని, "హమ్మయ్య" అన్నాడు. మరుక్షణం సంగతి అర్థమై పకపకా నవ్వాడు. "ఔబళయ్యా, నా చేతనే నా శాసనం తప్పించావు గదయ్యా!" అంటూ, ఒళ్ళు మరిచి సింహాసనం మీద కూర్చున్నాడు. కెవ్వున అరిచి లేచాడు. అప్పుడే కూర్చున్న ముసలి మంత్రీ మళ్ళీ లేచాడు.

శాసనం రద్దయింది. పోలయ్య సంకెళ్ళు ఊడాయి. ఔబళయ్య మెడలో రాజుగారి ముత్యాలహారం పడింది.

ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. ఆటలో ఓడి ఏడుస్తున్న పక్కింటి పాపకు రేపే చెప్పినా మంచిదే. నలుగురిలో బాగుండదేమోనని కురుపును మోచేతికి మారుద్దామని నేనూ అనుకున్నాను. మీరు మాత్రం మార్చకండి. మోచేతి మీద కురుపుతో ఏ రాజైనా హాయిగా కూర్చుంటాడు.