వంచిన కడియం

అనగనగా, మీ అవ్వకి అవ్వ కూడా పుట్టని రోజుల్లో, ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. తనకు దణ్ణం పెట్టలేదని జటాకర్ణుడనే మాంత్రికుడు రాణిని రాయిని చేసేశాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, ఊబిలో దాచిన రాగి చిలుకలో ఉందట. చిలుక విరిగితే మంత్రం విరిగినట్టే.

ముగ్గురూ సముద్రం దాటారు, సముద్రం దాటారు, ఏడూ దాటారు. ఊబి ఒడ్డున తుంగ గుడిసె. అందులో తుంగవల్లి అనే పిల్ల, గుమ్మంలో ఒక ముసలి కొంగ.

"చిలుక కావాలా? ముందు ఊబితల్లికి మీరేదన్నా ఇవ్వండి," అంది కొంగ.

పెద్దోడు కత్తి పిడికి తాడు కట్టి మరీ ఊబిలో వేశాడు. ఏమీ కాలేదు. గబగబా లాగేసుకున్నాడు.

రెండోవాడు కిరీటం వేశాడు, ఇంటి దగ్గర ఇంకో రెండున్నాయని. బుడుంగుమంది, అంతే.

మూడోవాడు సుమేధుడు వెండి కడియం తీశాడు. చిన్నప్పుడు అమ్మ తొడిగింది.

"ఆగాగు! అలాగే వేస్తావా?" అంది తుంగవల్లి. "మేం కత్తయితే వంచి ఇస్తాం, కుండయితే పగలగొట్టి ఇస్తాం. బాగున్నదాన్ని వేస్తే ఇచ్చినట్టు కాదు, దాచుకున్నట్టు."

"అమ్మది నాకిదొక్కటే ఉంది."

"అందుకేగా అడిగేది."

సుమేధుడు కళ్ళు తుడుచుకుని, కడియం మోకాలికి ఆనించి వంచి, వదిలేశాడు. ఊబి కదిలింది. రాగి చిలుక పైకి తేలింది. కొంగ ముక్కున కరిచి తెచ్చింది.

తన ప్రాణం బయటపడ్డ సంగతి తెలిసి జటాకర్ణుడు పరుగున వచ్చి సుమేధుడి కాళ్ళమీద పడ్డాడు. "విరవకు నాయనా! చావంటే నాకు భయం."

"నలిపెయ్‌రా!" అన్నారు అన్నలు.

సుమేధుడు చిలుకని వాడి చేతిలోనే పెట్టాడు. "ఊబితల్లికి నువ్వే వంచి ఇయ్యి."

"మేమంతా ఎప్పుడో పోయేవాళ్ళమే తాతా," అంది తుంగవల్లి. "అయినా బతకట్లేదూ?"

వాడు చాలాసేపు చిలుకని నిమిరాడు. ఒక రెక్క వంచి ఊబిలో వదిలాడు. జుట్టు తెల్లబడింది, నడుం వంగింది. చావు మాత్రం రాలేదు.

"ఆకలేస్తోందమ్మా," అన్నాడు, తనకే వింతగా తోచి. తుంగవల్లి గంజి పోసింది.

అక్కడ కోటలో రాణి లేచి కూర్చుంది. కొడుకులు రాగానే చిన్నవాడి చెయ్యి పట్టుకుని, "కడియమేదిరా?" అంది.

"ఇచ్చేశానమ్మా."

"ఎవరికి?"

వాడు తనతో వచ్చి పక్కన నిలబడ్డ తుంగవల్లిని చూశాడు. రాణికి సగమే అర్థమైంది, అయినా ఫక్కున నవ్వింది. ఆ వారమే పెళ్ళి చేసింది. వాళ్ళు మనవల మనవల్ని ఎత్తుకునేదాకా రాజ్యమేలారు. ఆ కడియం ఇంకా ఊబిలోనే ఉంది, ఎవరూ వెతకలేదు.