పదకొండు సాఫ్ట్‌వేర్లు, ఒక అక్షరం

చీరాలలో పుస్తకాల పేజీలు కూర్చే పని నేర్పే మస్తాన్ మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా ముందు "ఊఁ" అంటారు. ఆ ఊఁకు అర్థం విన్నాననా, ఆలోచిస్తాననా, పో అవతలికి అనా అన్నది ఆయన శిష్యులకు ముప్ఫై ఏళ్లుగా తేలలేదు. భద్రావతి అడిగిన ప్రశ్నకైతే మూడు వారాల్లో ఏడుసార్లు ఊఁ అన్నారు.

"మాస్టారూ, సిస్టమ్ మొత్తాన్నీ బ్యాకప్ తీసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" ఇదీ ఆ ప్రశ్న.

ఊసుపోక అడిగింది కాదు. ఆమె తండ్రి మార్కండేయులు జీవితమంతా మగ్గం నేసినవాడు. ఆయన నోట విన్న నేతపని మాటలను పదమూడేళ్లపాటు పోగుచేసి, మాస్టారి దుకాణంలో తనకని ఇచ్చిన కంప్యూటర్లో నిఘంటువుగా కూర్చుకుంటూ వచ్చింది. నాలుగు వేల పైచిలుకు మాటలు. నిరుడు మార్కండేయులు పోయాడు. ఇక ఆ మాటలు మిగిలింది ఆ కంప్యూటర్లోనే. అదేమో ఈమధ్య నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. అది కాస్తా పూర్తిగా చెడిపోతే తండ్రి రెండోసారి పోయినట్టేనని భద్రావతి భయం.

భయం పుట్టినప్పుడు మామూలు మనుషులు పరుగెత్తుతారు, చదువుకున్నవాళ్లు పట్టిక వేస్తారు. భద్రావతి పట్టిక వేసింది. పదకొండు సాఫ్ట్‌వేర్ల పేర్లు నిలువుగా, వాటి గుణగణాలు అడ్డంగా రాసి, పెళ్లి సంబంధాలు చూసినట్టు చూసింది. ఒకటి వేగమే కానీ చోటు ఎక్కువ తింటుంది. ఇంకొకటి చోటు తినదు కానీ కాపీ తీయడానికి పూట పడుతుంది. మరొకదానికి నలుగురిలో మంచి పేరుంది, పాపం దాని మొహం ఈమెకు నచ్చలేదు. ఇలా ఏ సంబంధమూ కుదరక, మూడు వారాలు గడిచిపోయాయి.

ఎనిమిదోసారి అడిగిన రోజు మాస్టారు ఊఁ అనలేదు. పట్టిక చేతిలోకి తీసుకుని, కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, అన్నిటికన్నా పైనున్న పేరు మీద వేలు పెట్టారు.

"ఇది నీ మిషన్లో ఉందా?"

"ఉంది మాస్టారూ. మొన్న పెట్టి చూశాను. బయటి డిస్కులోకి కాపీ కూడా తీశాను."

"అయితే ఇంకేందమ్మా" అంటూ మాస్టారు లేచి వెళ్లి, ఇంకా ఆన్ చెయ్యని ఆమె కంప్యూటర్ ప్లగ్గు పీకి, మీద తన తువ్వాలు కప్పేశారు. "ఇదుగో, ఇది కాలిపోయింది. నేను నమాజుకి పోయొస్తా. ఈలోగా నీ కాపీని ఆ మూలనున్న మిషన్లోకి తెచ్చి, నాకు 'జ' పేజీలు తీసి చూపించు."

మూలనున్నది ఆమె కంప్యూటర్‌తో పాటు కొన్నదే, అచ్చం కవల. దుకాణంలో అందరూ వాడే పాత తెలుగు ఫాంటు తప్ప అందులో ఏమీ లేదు. భద్రావతి డిస్కు తగిలించింది. గంటలో ఫైళ్లన్నీ దిగాయి. ఒక్కటీ తగ్గలేదు. పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినంత సంబరంతో 'జ' తెరిచింది.

'జరీ' ఉండాల్సిన చోట ఒక ఖాళీ డబ్బా, దాని పక్కన 'రీ' ఉన్నాయి. 'జత' ఉండాల్సిన చోట డబ్బా, 'త'. వెనక్కి వెళ్లి 'చ' తెరిచింది. 'చుక్కల చీర'లో 'చు' లేదు, డబ్బా ఉంది.

అసలు సంగతి ఇది. చుక్కలో చ, చీరలో చ పలకడంలో ఒకటి కావు. జరీలో జ, జీలకర్రలో జ కూడా అంతే. చుక్క, జరీ అనేటప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది. వెనకటి పుస్తకాల్లో ఆ తేడా తెలియడానికి అక్షరం తలమీద చిన్న తెలుగు రెండంకె వేసేవారు. దుకాణం ఫాంటులో ఆ అక్షరాలు లేవు. మా నాన్న పలికినట్టే అచ్చులో పడాలని భద్రావతి మొండికేస్తే, పదేళ్ల కిందట మాస్టారే రెండు రోజులు కూర్చుని ఆ ౘ, ఆ ౙ స్వయంగా గీసి ఆమె ఫాంటులో చేర్చారు. అవి ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి. ఆమె ఆ సంగతే మరిచిపోయింది. రోజూ చేతికి అందేదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

సాఫ్ట్‌వేర్ని తిట్టడానికీ లేదు. మొత్తం కావాలా, మీరు ఎంచుకున్నవి కావాలా అని అది మర్యాదగానే అడిగింది. మొత్తమంటే ఆలస్యమని ఈవిడే ఎంచుకున్నవి చాలంది. ఫాంట్ల దగ్గరికొచ్చేసరికి, అక్షరాలు అందరి దగ్గరా ఉండేవేగా అని టిక్కు పెట్టకుండా దాటేసింది. మూడు వారాలుగా మాస్టారి ప్రాణం తోడింది మాత్రం 'మొత్తం' గురించి!

మాస్టారు తిరిగొచ్చేసరికి ఆమె తువ్వాలు కప్పిన కంప్యూటర్ దగ్గర నిలబడి ఉంది.

"ఒక్కసారి ప్లగ్గు పెట్టుకుంటా మాస్టారూ."

"దేనికమ్మా? అది కాలిపోయిందిగా."

"పోనీ, మీరు మళ్లీ గీసిపెడతారుగా?"

"ఈ కళ్లతోనా?"

ఆయన నవ్వుతూనే అన్నారు. కానీ ఆ సోడాబుడ్డి అద్దాల వెనక కళ్లు చూసేసరికి, నలభై మూడేళ్ల భద్రావతి కుర్చీలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చేసింది. "మా నాన్న జరీ అంటే ఎట్టా ఉండేదో ఇది చదివినోళ్లకి తెలియదు మాస్టారూ. ఆయన నోరుండాల్సిన చోట డబ్బా ఉంది" అంది.

మాస్టారికి ఈ శిష్యురాలంటే ప్రాణం. ఆమె ఏడుస్తుంటే చూడలేక గోడకేసి తిరిగి నిలుచున్నారు, అయినా ఆపమనలేదు. కాసేపటికి ఫ్లాస్కులో టీ రెండు గ్లాసుల్లోకి వంచి, ఒకటి ఆమె చేతిలో పెట్టి, కంప్యూటర్ మీది తువ్వాలు తీశారు.

"ఫైళ్లు కాకుండా, ఇందులో నీవి ఏమేమున్నాయో చెప్పు."

భద్రావతి టీ తాగుతూ, ముక్కు ఎగబీలుస్తూ చెప్పింది. ఆ రెండు అక్షరాలు. వాటి కోసం తన వేళ్లకు తగ్గట్టు మార్చుకున్న కీబోర్డు. ఇవి తప్పులు కావు, కింద ఎర్రగీత గీయకు అని కంప్యూటర్‌కి పదమూడేళ్లుగా నేర్పుకొచ్చిన మాటలు. చెప్పేకొద్దీ ఇంకా ఇంకా తట్టాయి. మాస్టారు వింటూ కూర్చున్నారు.

ఆ తర్వాత ప్లగ్గు పెట్టి అదే సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఈసారి 'మొత్తం' అంది. కాపీ తీయడానికి రెండు గంటలు, దాన్ని కవల కంప్యూటర్లోకి దించడానికి మరో గంటన్నర పట్టింది. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఎండ వాలే వేళకు 'జ' పేజీ మళ్లీ తెర మీదికి వచ్చింది. తలమీద రెండంకెతో ౙరీ కనిపించింది. భద్రావతి తెర మీద వేలు పెట్టి ఆ మాటను పైకి చదివింది, తండ్రి పలికినట్టే, నాలుక పళ్లకు ఆనించి.

"ఇదే మాస్టారూ! ఇంక వెతకను. పదకొండిట్లోనూ ఇదే మంచిది" అంది, సంతోషం పట్టలేక.

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మధ్యాహ్నం నిన్ను ఏడిపించింది కూడా ఇదేనమ్మా" అన్నారు.