రాజు వీపు వెనక సైనికుడు

అనగనగా, మన తాతల తాతలు చెప్పగా విన్న కాలంలో, పులికొండ రాజ్యాన్ని అరిభీకరుడనే రాజు ఏలేవాడు. ఒక పెద్ద యుద్ధం గెలిచి వచ్చి, ఆ గెలుపును కోట గోడరాతి మీద చెక్కమని నాగోజు అనే ముసలి శిల్పిని ఆజ్ఞాపించాడు.

నాగోజు ఒక్కగానొక్క కొడుకు ఆ యుద్ధంలోనే చనిపోయాడు. తండ్రికి చివరిచూపు కూడా దక్కలేదు. అందుకని ముసలివాడు నడుమ రాజును, కుడిఎడమల సైనికులను చెక్కి, సరిగ్గా రాజు వీపు వెనక తన కొడుకు రూపం చెక్కుకున్నాడు. రోజూ ఉలి పట్టే ముందు ఆ బుగ్గ మీది రాతిపొడి తుడిచేవాడు. ఆ తండ్రికి మిగిలింది ఆ ముఖమే.

రాజు వచ్చి చూశాడు. "నేను గోడలోంచి ఇంకా ముందుకు రావాలి" అన్నాడు.

"ప్రభూ, రాతిని ముందుకు లాగలేం. చుట్టూ ఉన్నదాన్ని లోతుగా తవ్వితేనే బొమ్మ ముందుకు వస్తుంది. ఎడమవైపు సైనికులు పోతారు."

"పోతే పోనీ."

పోయారు. మెచ్చుకునేవాళ్ళకు రాజుల దగ్గర కొదవా? "ఏలినవారు నడిచి వస్తున్నట్టే ఉంది" అన్నారు కొలువులోవాళ్ళు. రాజుకు ఆశ పెరిగింది. రెండోసారి కుడివైపు సైనికులూ పోయారు.

మూడోసారి రాజు తన బొమ్మ వీపు వైపు వేలు చూపాడు. "వీడొక్కడు నన్ను పట్టుకుని వేలాడుతున్నాడు. వీణ్ణీ తీసెయ్."

నాగోజు ఉలి కిందపెట్టాడు. "వీడు నా కొడుకు ప్రభూ. ఆ మాట దాచను. కానీ ఒక్కసారి బొమ్మ వెనక చెయ్యి పెట్టి చూడండి. ఆ తర్వాత కూడా తీయమంటే తీస్తాను."

రాజు చెయ్యి పెట్టి తడిమాడు. చుట్టూ అంతా ఖాళీ. తన రాతి వీపు ఆ కుర్రవాడి భుజానికి ఒక్కచోటే అతుక్కుని ఉంది. అది తెగితే బొమ్మ ముక్కలై నేల మీద పడుతుంది.

రాజు చాలాసేపు చెయ్యి తీయలేదు. సిగ్గుతో తల వాలింది. "వీణ్ణి ఉండనీ. తీసేసినవాళ్ళను కూడా మళ్ళీ చెక్కు" అన్నాడు.

"మా పనిలో తీయడమే ఉంది ప్రభూ. తిరిగి పెట్టడం లేదు" అన్నాడు నాగోజు.

పిల్లలూ, వెంట నిలిచినవాళ్ళను తొలగించి ముందుకు రావాలనుకునేవాడు, తనను నిలబెట్టినదాన్నే తవ్వుకుంటాడు.