సన్నగీత తల్లి వెలసిన వైనం

ఎర్రమెట్ట కనుమ మీద, రెండు వందల పదకొండు మెట్ల పైన, సన్నగీత తల్లి కొలువై ఉంది. గుడి అంటే నాలుగు రాతి స్తంభాలు, రేకుల కప్పు. అమ్మవారి నల్లరాతి మీద పైనుంచి కిందికి కుంకుమ చుక్కలు ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆ చుక్కలకు కారణం చెప్పగలవాడు ఈ ముప్పై ఊళ్లలో నేనొక్కణ్ణే. ఎందుకంటే ఆ కారణం నేనే.

పూర్వం ఇక్కడ తల్లిని కనుమమ్మ అనేవారు. ఈ దారి మేకలు కాచే చెల్లమ్మకూ, అర్చకుడినైన నాకూ తప్ప ఎవరికీ పట్టేది కాదు. జనమంతా కలిసి ఫోనులో గీసుకునే పటం ఒకటి వచ్చిందని విని, కొండను అందులోకి ఎక్కించాను. అంత వేగంగా గీసినవాడు మూడు లోకాల్లో లేడు. ఆ పటంలో దారి గీస్తే చాలదు, అది ఎలాంటి దారో కూడా మనమే ఎంచి తగిలించాలి. 'కాలిబాట' అంటే సన్నని చుక్కల గీత పడింది. నా తల్లికి ఇంత బక్క గీతా అని మనసొప్పక 'పెద్దరోడ్డు' అని మార్చాను. కొండ మీద లావుపాటి గీత ధగధగలాడింది.

చెల్లమ్మ చూసి, "ఏటి పంతులుగారూ, నా మేకలకి బస్సేయిస్తారేటి?" అంది. నవ్వేసి గీతను అలాగే ఉంచాను.

ఆ శ్రావణంలో నెలలు నిండిన అచ్చియ్యమ్మను కనుమకు ఆవలి వైపున్న ఆసుపత్రికి తీసుకుపోతున్న ఆటో, పటంలోని పెద్దరోడ్డును నమ్మి వచ్చి తొలి మెట్టు దగ్గర బురదలో దిగబడింది. చెల్లమ్మ కేకకు రెండే అంగల్లో కొండ దిగాను. డోలీ కట్టి నలుగురం మోశాం. బరువంతా నా భుజం మీదే. ఈ రాతి దగ్గరకు వచ్చేసరికి నొప్పులు ముదిరి, చెల్లమ్మ చేతుల్లోనే ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఏడ్చేదాకా నా నోట మాట లేదు. నా జీవితంలో అది ఒక్కసారే.

మర్నాడు మధ్యాహ్నం కునుకులో తల్లి కనిపించి, "గీత లావు చేస్తే నేను పెద్దదాన్నయ్యానట్రా? మేకల దారిని మేకల దారని రాయి" అంది. లేచి కాలిబాట అని, మెట్లని, బండి పోదని తగిలించాను. పటంలో మళ్లీ చుక్కలు పడ్డాయి. పురిటి స్నానం అయ్యాక అచ్చియ్యమ్మ రాతి మీద అలాగే చుక్కలు పెట్టి, బిడ్డకు సన్నగీత అని పేరు పెట్టింది. తల్లికీ అదే పేరు నిలిచింది.

నాటి నుంచి ఏటా శ్రావణ తొలి శుక్రవారం భక్తులు మెట్లు లెక్కిస్తూ ఎక్కి, పటంలో తేడా ఉంటే సరిచేశాకే చుక్క పెడతారు. ముందు నడిచేది ఆనాడు పుట్టిన పిల్ల సన్నగీతే. కింద బోర్డు మీద నేను రెండు వందల పన్నెండని రాయించాను. మొన్నటి వానకు ఒక మెట్టు కొట్టుకుపోయింది.

"తాతగారూ, పదకొండే" అంది ఆ పిల్ల.

బోర్డు మీది అంకెను నేనే దిద్దాను. ఇలా నడిచి చూసి చుక్క పెట్టినవారిని తల్లి ఏ దారినైనా క్షేమంగా చేరుస్తుంది. బండ్లు మాత్రం కిందే నిలపాలి.