ఎటు తిరిగినా ఎదురుగాలే

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజుగారు, ఆయనకి బోలెడు ఎగిరే నులకమంచాలు. కాళ్ళు ముడుచుకుని పడుకోండర్రా, ఈ పూట నాకు ఓపిక లేదు, ఒక్క కథే. మంచాలున్నాయి సరే, నడిపేవాళ్ళు కావద్దూ? అందుకని కోట వెనకాల ఒక బడి పెట్టించి, సోమయాజుల్ని అయ్యవారిగా పెట్టారు. ఆయన మహా పిసినారి. ఎంత దూరం పోవాలో మంచానికి అంతకే మంత్రం వేసేవాడు. చిటికెడు ఎక్కువేస్తే ఆయన సొమ్మేం పోతుందో మరి.

ఆ బడిలో వరహాలని ఒక కోడలుపిల్ల చేరింది. వాళ్ళ అత్తవారిల్లు ఏటి మధ్య లంకలో. ఏరు పొంగితే అక్కడికి మందూ మాకూ చేరవు, నువ్వు నేర్చుకురావే అని అత్తగారే పంపింది. ఏడాది నిండని కొడుకుని ఆవిడ దగ్గర వదిలి వచ్చింది వరహాలు. ఇంతలో ఏరు పొంగనే పొంగింది, పడవలు ఆగిపోయాయి. ఇంక పిల్లాణ్ణి చూడాలంటే మంచం మీదే పోవాలి. ముందు కోట నుంచి రాజుగారి గాదె దగ్గరికి పోయి దిగి చూపిస్తేనే లంకకి మంత్రం వేస్తానన్నాడు అయ్యవారు. ఊ కొడుతున్నారా?

గాలి లేని రోజున గాదె దాకా ఒక దంపుళ్ళ పాట పాడేంత దూరం, లంకకి రెండు పాటలు. అదీ బడిలో లెక్క. గాలి ఉంటేనో, పైట చెంగు ఎత్తి అది ఎటు ఎగురుతుందో చూసుకోమన్నారు. వరహాలు ఎత్తింది. చెంగు వెనక్కి ఎగిరింది. మంచాన్ని ఇటు తిప్పింది, వెనక్కే ఎగిరింది. అటు తిప్పింది, మళ్ళీ వెనక్కే. పరిగెత్తేవాడి మొహానికి ఎటు పరిగెత్తినా గాలి కొడుతుంది కదర్రా, మంచమూ అంతే. పాపం ఆ పిల్లకి అది తోచలేదు. నా బతుకింతే, ఎటు తిరిగినా ఎదురుగాలే అనుకుంది.

గాదె పక్కకి జరిగినట్టు కనిపించినప్పుడల్లా మంచం తల గాదె వైపు తిప్పేది. తిప్పి తిప్పి దారి వంకరపోయి, మంత్రం అయిపోయి ఏదో చేలో దిగేది. మంచం నెత్తినెత్తుకుని చేను దాటేది, చేను దాటి బోదెకాలువ దాటేది, బోదె దాటి దిబ్బ దాటేది, దిబ్బ దాటి కోటకొచ్చి మంచం దించేది. మర్నాడూ ఎక్కేది, మర్నాడూ మోసేది. కాళ్ళు పీకేవి, మెడ పట్టేసేది. పిల్లాడికి పళ్ళొచ్చాయో లేదో అని ఏడుపొచ్చేది.

ఒకనాటి పొద్దున్న ఒంట్లో ఓపిక లేక, మంచం తల గాదె మీదికి గురిపెట్టి వదిలేసింది. ఇటు తిప్పలేదు, అటు తిప్పలేదు, చెంగూ ఎత్తలేదు. గాదె పక్కకి పోతుంటే పోనీ అనుకుంది. పడుకుని దంపుళ్ళ పాట పాడుకుంది. పాట అయిపోయింది, మంచం దిగింది. చూస్తే పశువుల దొడ్డి. గాదేమో ఒక చేను దూరాన ఎగువన ఉంది.

ఆ గేదెల మధ్యే కూచుని ఆలోచించింది. గాలి లేకపోతే ఈపాటికి గాదె దగ్గర ఉండాలి. ఉన్నదేమో దొడ్డిలో. తనేమో ఒక్కసారీ తిప్పలేదు. మరి గాదె దగ్గర నుంచి దొడ్డిలోకి తెచ్చిందెవరు? గాలే కదా. అంటే గాలి ఎగువ నుంచి దిగువకి వీస్తోంది. జోరెంత? ఒక పాటకి ఒక చేను. ఇన్నాళ్ళూ ఊరికే తిప్పుతూ పోబట్టి ఆ లెక్క చిక్కలేదు.

మంచం మోసుకుపోయి అయ్యవారితో చెప్పింది. ఆయన వేళ్ళు ముడిచి లెక్క చూసుకుని, అయితే దిగి చూపించమన్నాడు. ఈసారి గాదెకి ఒక చేను ఎగువకి గురిపెట్టింది. గాదె ముందే దిగింది. మంచం మోసుకుని కోటకి తిరిగొస్తే అయ్యవారు సంతోషపడి, అలిసిపోయావు, ఇవాళ పడుకుని రేపు లంకకి పోదువుగాని అన్నాడు.

"రేపటికి గాలి మారిపోతుంది అయ్యవారూ, ఈ లెక్క ఇవాళ్టిదే" అంది వరహాలు.

లంక రెండు పాటల దూరం గనక రెండు చేలంత ఎగువకి, ఉత్త నీళ్ళ మీదికి గురిపెట్టింది. కింద ఎర్రటి వరద. రెండో పాట సగంలో లంక కనిపించింది, ఇల్లు కనిపించింది, అత్తగారి చంకలో పిల్లాడి ఏడుపు వినిపించింది. తల్లి ప్రాణం కదా, మంచాన్ని అటు తిప్పేద్దామని చెయ్యి కోడు మీదికి పోయింది. తిప్పితే దారి వంకరపోతుంది, మంత్రం చాలదు, ఏట్లో పడుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్లాడు అక్కడ ఏడుస్తుంటే నీళ్ళ వైపే తల పెట్టుకుని, తనూ ఏడుస్తూ మిగతా పాట పాడింది.

పాట అయ్యేసరికి మంచం సొంత వాకిట్లో దిగింది.

"నీళ్ళ మీదికి పోతుంటే, మమ్మల్ని చూడలేదనుకున్నానే" అంది అత్తగారు.

"చూశాను అత్తా. చూసే తిప్పలేదు."

పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుని అక్కడే ఒరిగి నిద్రపోయింది. ఆ ఏడు నుంచి లంకకి మందుల కొరత లేదు. అందరూ చల్లగా ఉన్నారు.

అందుకని, అనుకున్న చోటికి చేరలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండమ్మా. ఎంత పక్కకి పోయారో చూసుకుని, ఈసారి అంత రెండో పక్కకి గురిపెట్టండి. నీలూ, పడుకున్నావా? మధూ? ఊ లేదు. కథ కంచి దారి పట్టింది, ఇంక నా నడుమూ పక్క మీదికి చేరాలి.