లేపి చూసిన స్టాంపు

పానకాలరావుగారి ఇంట్లో ఒక నియమం ఉంది. ముందుగదిలో బల్లమీద పాత కవర్లు పరిచి ఉన్నంతసేపూ ఎంతటివాడు వచ్చినా మంచినీళ్లు ఇవ్వరు, ఫాను వెయ్యరు. బెజవాడలో, అదీ మే నెలలో, ఈ నియమం ఎంత కఠినమైనదో అక్కడ కూర్చున్నవాడికే తెలుస్తుంది. రైలు పెట్టెలో ఉత్తరాలు విడదీసే ఉద్యోగం ముప్ఫై రెండేళ్లు చేసి రిటైరైన ఆ పెద్దమనిషికి తొలినాటి అమెరికా స్టాంపుల సంగతి తెలిసినంత ఈ చుట్టుపక్కల మరెవరికీ తెలియదు. విడి స్టాంపు పట్టుకొచ్చినవాణ్ణి ఆయన గడప తొక్కనివ్వరు. స్టాంపు కవరు మీదే ఉండాలి, ఆ కవరు నిజంగా ఊళ్లు దాటి వచ్చి ఉండాలి. ఆ రెండూ కలిసి చేసిన ప్రయాణాన్నే మనం దాచుకుంటున్నాం అంటారు. ఒకసారి లేపిన స్టాంపును మళ్లీ ఎంత పనితనంగా అతికించినా అది ఆ కవరుది కాదని శిష్యులందరి చేతా వల్లె వేయించారు.

ఆ శిష్యుల్లో చక్రధరం ఒకడు. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. తెలివైనవాడే గాని కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ ఆదివారం గదిలోకి వస్తూనే, ఇంకా కూర్చోకుండానే ప్రశ్న వేశాడు.

"గురువుగారూ, ఒక మనిషి చెప్పిన మాట నిజమో అబద్ధమో తేల్చుకునే దారేమిటి?"

"ఎవరు చెప్పిన మాట?" అన్నారు పానకాలరావుగారు.

"దేవదానం చెప్పిన మాట."

ఆ దేవదానం అక్కడే, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గురువుగారు కబురు చేస్తే వచ్చాడు. చక్రధరం అటు చూడనైనా చూడలేదు.

వాళ్లిద్దరిదీ పదిహేనేళ్ల స్నేహం. దేవదానం హైస్కూల్లో డ్రాయింగు మేష్టారు. అతని ముత్తాత నెల్లూరు దగ్గర ఒక అమెరికా మిషను బంగళాకి టపా సంచీ మోసేవాడు. 1859లో బోస్టన్ నుంచి వచ్చిన ఒక కవరును, లోపలి ఉత్తరం తీసుకుని, దొరసాని అతని చేతిలో పెట్టిందట. దానిమీద ఇటుక రంగు ఐదు సెంట్ల స్టాంపు. ఓడ మీదా బండి మీదా, చివరికి ఆ ముత్తాత భుజం మీదా వచ్చిన ఆ కవరు నాలుగు తరాలపాటు ఆ ఇంటి బైబిల్లోనే ఉండిపోయింది. దేవదానం దాన్ని పోయిన క్రిస్మసుకు తీసుకొచ్చి చక్రధరానికి ఇచ్చేశాడు. "మా ఇంట్లో ఉంటే ఎప్పుడో చెదలు తినేస్తుంది. నీ దగ్గరైతే పదిలంగా ఉంటుంది" అన్నాడు. ఆ రాత్రి చక్రధరం కంట నీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

తరవాత హైదరాబాదులో ప్రదర్శన జరిగింది. చక్రధరం ఆ కవరును అద్దాల చట్రంలో పెట్టి మురిసిపోతూ నిలబడ్డాడు. బాగోగులు తేల్చడానికి వచ్చిన ఒక పెద్దమనిషి వంగి ఒక్క చూపు చూసి, నలుగురూ వినేలా, "ఈ స్టాంపు ఈ కవరుదేనా?" అన్నాడు. విషయమేమిటంటే, మళ్లీ వాడకుండా ఆ స్టాంపును టపావాళ్లు రద్దు చేసింది ముద్రతో కాదు, కలంతో కొట్టిన రెండు అడ్డగీతలతో. ముద్ర అయితే సగం స్టాంపు మీదా సగం కవరు మీదా పడి రెంటినీ కలిపి పట్టుకుంటుంది. ఈ గీతలు స్టాంపు అంచు దాటలేదు. ఎక్కడి స్టాంపో తెచ్చి అతికించారనడానికి ఆ మాత్రం చాలు. అడిగినవాడు అడిగేసి టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఒకడి కొంప మీద నిప్పురవ్వ విసిరేసి తన దారిన తాను పోయే ఘనులు అన్ని చోట్లా ఉంటారు, అక్కడా ఉన్నాడు. చక్రధరానికి తల కొట్టేసినట్టయింది. కోపం రావలసింది ఆ మనిషి మీద. కాని వాడు ఎదురుగా లేడు, దేవదానం ఉన్నాడు. నెల రోజులుగా ఈ ఇద్దరికీ మాటల్లేవు.

"నువ్వేమంటావు దేవదానం?" అని అడిగారు పానకాలరావుగారు.

"మా నాన్న నాకు చెప్పిందే నేను చెప్పాను గురువుగారూ. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అది అలాగే ఉంది."

"ఆహా, నాన్న చెప్పాట్ట!" చక్రధరం గొంతు వీధిలోకి వినపడింది. "డ్రాయింగు మేష్టారికి రెండు గీతలు గియ్యడం ఒక పనా? నీ బొమ్మలపనిని నెత్తిన పెట్టుకుని హైదరాబాదు దాకా ఊరేగాను చూడు, నన్ననాలి!"

దేవదానం మొహం కందగడ్డ అయింది. "ఇంకొక్క మాటంటే మర్యాదగా ఉండదు చక్రధరం."

"మర్యాదా! నీ నోటంట ఆ మాటా! లేపి చూస్తే అదే తేలుతుంది. మొదటినుంచీ ఉన్న స్టాంపయితే దానికింద కాగితం తెల్లగా ఉంటుంది. మధ్యలో అతికించిందయితే లోపలా బయటా ఒక్కటే రంగు. ఏమంటారు గురువుగారూ?"

పానకాలరావుగారు చక్రధరం తెచ్చిన కవరును భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు. చెమట బొట్టు గడ్డం దాకా జారితే మోచేత్తో తుడుచుకున్నారు.

"లేపితే తెలుస్తుంది. అందులో అనుమానమేమీ లేదు" అన్నారు.

తరవాత ఆయనే లేచి లోపలికి వెళ్లి, ఒక సాసరులో నీళ్లూ ఒక సన్నని కుంచే తెచ్చి బల్లమీద పెట్టారు. ఆ బల్లమీద నీళ్లు పెట్టడం అంతకు ముందు ఎవరూ చూసి ఎరుగరు. మరో రోజయితే చక్రధరం అదిరిపడేవాడు. ఆ రోజు మాత్రం అతనికి అది గురువుగారు తన పక్షాన నిలబడడంలాగే తోచింది.

"వద్దు" అన్నాడు దేవదానం. "నాకు తిరిగిచ్చెయ్. అది నకిలీ అనీ, నేను దొంగననీ ఊరంతా చెప్పుకో. అది మాత్రం లేపకు."

"నిజమైతే నీకు భయమెందుకు?"

దేవదానం మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

చక్రధరం చేతులు నేర్పైన చేతులు. కోపంలోనూ వణకలేదు. కుంచెతో స్టాంపు అంచుల వెంట తడి అద్దాడు, ఆగాడు, మళ్లీ అద్దాడు. పది నిమిషాలకు జిగురు మెత్తబడింది. పట్టకారుతో ఒక మూల పట్టుకుని పైకి తీశాడు. స్టాంపు చిరగకుండా వచ్చింది.

కింద కాగితం పాలలా తెల్లగా ఉంది. అంతే కాదు. కలంతో కొట్టిన ఆ రెండు గీతల సిరా స్టాంపులోంచి దిగి, లోపలి కాగితం మీద లేత గోధుమరంగులో అదే అడ్డగీతలై నిలిచి ఉంది. కవరు మీద ఉండగానే ఆ స్టాంపును కొట్టేశారనడానికి అంతకన్న ఏం కావాలి? పైకి కనపడని చోట ఆ రెండూ నూట పాతికేళ్లుగా ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి.

చక్రధరానికి గుండెలమీది బరువు దిగిపోయింది. "దేవదానం! నిజమేనయ్యా! నువ్వు చెప్పిందే నిజం! ఇలా రా, చూడు!"

దేవదానం లేచాడు గాని బల్ల దగ్గరికి రాలేదు.

"నాకెందుకు చూపించడం? నాకు ముందే తెలుసుగా" అన్నాడు. చెప్పులు వేసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. చక్రధరం గుమ్మం దాకా పరిగెత్తి రెండుసార్లు పిలిచాడు. అతను వెనక్కి తిరగలేదు.

తిరిగి వచ్చిన చక్రధరం ఈసారి గురువుగారి మీదే విరుచుకుపడ్డాడు. "మీకు ముందే తెలుసు! భూతద్దంలో చూసినప్పుడే తెలిసి ఉంటుంది! ఒక్క మాట చెప్పి ఆపొచ్చు కదా! పైగా నీళ్లు కూడా మీరే తెచ్చారు!"

"నీ ప్రశ్నకు జవాబు దొరికిందా, లేదా?"

"దొరికింది" అన్నాడు చక్రధరం. పట్టకారు చివర స్టాంపు ఆరి చుట్టుకుపోతోంది. దాన్ని కవరు మీది తెల్లటి చోటుకు ఆనించి చూశాడు. "అతికించేస్తాను గురువుగారూ. సరిగ్గా ఈ గీతల మీదే, వెంట్రుకవాసి తేడా రాకుండా. ఎవరూ కనిపెట్టలేరు."

"కనిపెట్టలేరు. నీ చెయ్యి మంచిది" అన్నారు పానకాలరావుగారు.

ఆయన లేచి ఫాను వేశారు. బల్లమీది కవరు ఎగిరిపోబోతే చక్రధరం రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. గురువుగారు అటు చూడకుండా లోపలున్న భార్యకు కేక వేశారు.

"రాజ్యం, చక్రధరానికి మంచినీళ్లు తీసుకురా. బల్లమీద కవరేమీ లేదు."